తీసిన ముఖం, దిగిన ముఖం: వ్యవసాయ కూలీల రూపచిత్రాలు - ఒక నైతిక విచారణ

ప్రవేశిక

చిత్తూరు నుంచి తిరుపతికి పోయే దారిలో ఉన్న పూతలపట్టు చుట్టుపక్కల పల్లెల్లో ఏడాది పొడవునా ఏదో ఒక కూలిపని సాగుతూనే ఉంటుంది. ఎండాకాలం ముగిసే వేళకు తోతాపురి మామిడికాయలు కోసి గుజ్జు ఫ్యాక్టరీలకు తోలే పని, వానాకాలపు పంట చేతికి వచ్చాక చెనిక్కాయ చెట్లు పెరికి కాయలు కోసే పని, సంక్రాంతికి అటూ ఇటూ చెరకు నరికి బెల్లం వండే పని, చెరువుల కిందా బోర్ల కిందా నాట్లూ కలుపులూ వరసగా వస్తాయి. ఈ పనుల్లో ఉన్న మనుషుల ముఖాలంటే కెమెరాకు మక్కువ ఎక్కువ. ఛాయాచిత్ర పోటీల్లో, పత్రికల ఆదివారం అనుబంధాల్లో, క్యాలెండర్లలో, ప్రభుత్వ ప్రచురణల్లో అవి తరచుగా కనిపిస్తాయి. దగ్గరగా తీసిన ముఖం, నుదుటి ముడతలు, చెమట, తలగుడ్డ, ఎటో చూస్తున్న కళ్లు వాటి సాధారణ లక్షణాలు. కింద సాధారణంగా పేరు ఉండదు. ఉంటే అది చిత్రం తీసినవారి పేరు.

తెలుగులో 'ముఖచిత్రం' అనే మాటకు పుస్తకం అట్టమీది బొమ్మ అన్న అర్థం స్థిరపడింది. గ్రామీణ జీవితంమీద వెలువడే కథాసంకలనాలకూ, పరిశోధన గ్రంథాలకూ కూలీల ముఖాలు ముఖచిత్రాలుగా అమరుతున్నాయి. కాబట్టి ఈ సమస్య ఛాయాచిత్రకారులకే పరిమితమైనది కాదు. సాహిత్య పరిశోధనతో ముడిపడిన వారందరికీ ఇందులో భాగం ఉంది.

పనిలో ఉన్న మనిషి ముఖంలోని భావాన్ని చిత్రంగా తీసుకోవడం నైతికంగా ఎప్పుడు సమంజసం అన్నది ఈ వ్యాసంలో విచారించే ప్రశ్న. దీనిలో మూడు ఉపప్రశ్నలు ఉన్నాయి. చిత్రంలో కనిపిస్తున్నది నిజంగా భావమేనా? అది భావమే అయితే దానిని అందరి భావంగా మార్చే అధికారం ఎవరిది? చిత్రం తీయకుండా ఉండటం వల్ల దోషం తొలగిపోతుందా?

శ్రమచిహ్నమా, భావచిహ్నమా?

బెల్లం వండే చోట ఎండు చెరకు పిప్పి మండుతూ ఉంటుంది. పొగ, ఆవిరి కలిసి ముఖానికి కొడతాయి. పెనం దగ్గర నిలబడి పాకం తిప్పే మనిషి కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతాయి. ఆ క్షణంలో దగ్గరగా తీసిన రూపచిత్రంలో పొగ కనిపించదు, పెనం కనిపించదు. కన్నీళ్లు మాత్రం కనిపిస్తాయి. చూసేవారు దానిని దుఃఖంగా చదువుతారు. అదేవిధంగా మిట్టమధ్యాహ్నం చేనులో పని చేసే స్త్రీ ఎండకు కళ్లు చికిలించి చూస్తుంది. బొమ్మలు ముడివడతాయి. ఛాయాచిత్రంలో అది ఆందోళనగానో, ఏళ్లనాటి వేదనగానో కనిపిస్తుంది.

ఈ తికమకను భారతీయ కావ్యశాస్త్రం చాలా ముందుగానే గుర్తించింది. భరతుడు నాట్యశాస్త్రం ఏడవ అధ్యాయంలో స్వేదం, అశ్రువులతో సహా ఎనిమిది సాత్త్విక భావాలను చెప్పాడు. వాటి కారణాలను వివరించే చోట స్వేదానికి క్రోధం, భయం, హర్షం, లజ్జ, దుఃఖాలతో పాటు శ్రమనూ తాపాన్నీ వ్యాయామాన్నీ చేర్చాడు. అశ్రువులకు ఆనందం, శోకం, భయాలతో పాటు పొగనూ, కాటుకనూ, చలినీ, రోగాన్నీ పేర్కొన్నాడు. అంటే ఒకే బాహ్యచిహ్నం మనసువల్ల కలగవచ్చు, పనివల్ల కలగవచ్చు, వాతావరణంవల్లా కలగవచ్చు. ఏది కారణమో నిర్ణయించేది సందర్భమే. విభావం తెలియకుండా అనుభావం నుంచి స్థాయిభావాన్ని ఊహించడం కుదరదు.

భావస్ఫోరకంగా చెప్పుకొనే రూపచిత్రాల్లో చాలా వాటి రచనా పద్ధతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. నేపథ్యాన్ని మసకబరచడం, పనిముట్టును చట్రం బయటికి నెట్టడం, ముఖాన్ని మాత్రమే వెలుగులో నిలపడం ఆ పద్ధతిలోని మెళకువలు. దీనివల్ల విభావం తొలగిపోయి అనుభావం ఒక్కటే మిగులుతుంది. చెమట శ్రమఫలంగా కాక మనోవేదనకు గుర్తుగా మారుతుంది. ఇది సౌందర్యానికి సంబంధించిన మార్పుగా కనిపించినా దీనికి నైతిక పర్యవసానం ఉంది. శ్రమకు కూలి చెల్లించాలి. పనిగంటలు, నీడ, తాగునీరు, గిట్టుబాటు అన్న ప్రశ్నలు శ్రమతో పాటు వస్తాయి. వేదనకు సానుభూతి చాలు. శ్రమను వేదనగా అనువదించిన చిత్రం చూసేవారిని లెక్క అప్పగించవలసిన బాధ్యత నుంచి తప్పించి, జాలిపడే సౌకర్యాన్ని ఇస్తుంది.

మరో అపాయం కూడా ఉంది. ఆ స్త్రీ నిజంగా ఆ క్షణంలో పక్కనున్న మనిషి వేళాకోళానికి నవ్వబోతూ ఉండవచ్చు. పని ముగిశాక పోవలసిన పెళ్లి గురించి ఆలోచిస్తూ ఉండవచ్చు. చిత్రం చూసేవారు ఆమెకు అంటగట్టిన దుఃఖం ఆమెది కాకపోవచ్చు. పేదవారి ముఖంలో దుఃఖాన్ని తప్ప మరొక దానిని చదవలేకపోవడం చూపులోని లోపం. ఆ లోపాన్ని చిత్రకారుడి ప్రతిభగా పొరబడటం సులభం.

సాధారణీకరణం సజీవమైన ముఖానికి చెల్లుతుందా?

పై ఆక్షేపణకు ఒక బలమైన సమాధానం ఉంది. కళ ఎప్పుడూ విశేషం నుంచి సామాన్యానికి పోతుంది కదా, సీతాదుఃఖం సీత ఒక్కతెదే అయితే సామాజికుడికి రసానుభవం ఎలా కలుగుతుంది? భట్టనాయకుడు ప్రతిపాదించగా అభినవగుప్తుడు స్వీకరించి విస్తరించిన సాధారణీకరణ సిద్ధాంతం ఈ విషయాన్నే వివరిస్తుంది. 'ఇది నాది', 'ఇది పరాయివాడిది' అన్న బంధాలనుంచి విడివడినప్పుడే భావం ఆస్వాదయోగ్యమవుతుంది. ఆ లెక్కన పూతలపట్టు చేనులోని ఒక కూలిమనిషి ముఖం మొత్తం శ్రామిక లోకపు ముఖంగా మారడం దోషం కాదు, కళాసిద్ధి.

ఈ వాదం కావ్యానికి చెల్లినట్లు ఛాయాచిత్రానికి చెల్లదు. దానికి కారణాన్ని శంకుకుడి చిత్రతురగ న్యాయం సాయంతో స్పష్టం చేయవచ్చు. చిత్రంలోని గుర్రాన్ని చూసి గుర్రమని గ్రహిస్తాము. ఆ గ్రహింపు సత్యమూ కాదు, మిథ్యా కాదు, సంశయమూ కాదు, సాదృశ్యమూ కాదు. నటుడిని రాముడిగా గ్రహించడం కూడా అటువంటిదేనని శంకుకుడు అన్నాడు. చిత్రకారుడు గీసిన గుర్రానికి మేత పెట్టవలసిన పని లేదు. ఛాయాచిత్రం విషయం వేరు. కెమెరా ముందు ఒక మనిషి నిలబడితే తప్ప ఆ చిత్రం లేదు. ఆ మనిషి మీద పడి మళ్లిన వెలుగే చిత్రంగా నిలిచింది. ఇక్కడ ఆలంబన విభావం కవి కల్పించినది కాదు. ఆమె ఆ సాయంత్రం ఇంటికి పోయి సంగటి కెలుకుతుంది, మరునాడు మళ్లీ పనికి వస్తుంది, కూలి బాకీ ఉంటే అడుగుతుంది. సామాజికుడి మనసులో ఆమె సాధారణీకృతమైనా ఊళ్లో మాత్రం విశేష వ్యక్తిగానే ఉండిపోతుంది.

కావ్యంలో సాధారణీకరణం వల్ల ఎవరికీ నష్టం లేదు. ఛాయాచిత్రంలో సాధారణీకరణం ఒక జీవించి ఉన్న వ్యక్తి విశిష్టతను ఖర్చుపెట్టి సాధించేది. ఆ ఖర్చు ఎవరి సమ్మతితో జరిగిందన్న ప్రశ్న అందువల్లనే తప్పనిసరి అవుతుంది.

జాతులుగా మారిన మనుషులు

ముఖాన్ని పేరునుంచి విడదీసి చూడటం నిన్నమొన్న మొదలైనది కాదు. వలస పాలనలో కెమెరా ఈ దేశపు సామాన్యుల దగ్గరకు మొదట వచ్చిందే ఆ పనిమీద. వాట్సన్, కే సంపాదకత్వంలో 1868 నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాలుగా వెలువడిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' కులాల, తెగల నమూనాలుగా మనుషులను చిత్రించింది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్‌టన్ రంగాచారి సహాయంతో 1909లో ప్రచురించిన ఏడు సంపుటాల 'కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా'లో చిత్రాలతో పాటు ముక్కుల కొలతలు కూడా చోటు చేసుకున్నాయి. వీటిలో ముఖం ఒక వ్యక్తికి గుర్తుగా కాక ఒక జాతికి నమూనాగా నిలిచింది.

ఈ ప్రాంతానికి మరింత దగ్గరి ఉదాహరణ ధాత కరువు కాలానిది. చిత్తూరు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. 1876-78 నాటి ఆ కరువులో మద్రాసు రాజధాని అంతటా లక్షల మంది చనిపోయారు. సైనికాధికారి విల్లోబీ వాలెస్ హూపర్ ఆ కరువు బాధితులను గుంపులుగా కూర్చోబెట్టి, నిలబెట్టి ఛాయాచిత్రాలు తీశాడు. ఎముకలు తేలిన ఆ శరీరాలను చిత్రం కోసం పొందికగా అమర్చడం ఆ చిత్రాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఆకలితో ఉన్నవారికి సాయం చేయకుండా చిత్రం తీసి పంపేశాడన్న నింద ఆయన పేరుతో ముడిపడి నిలిచిపోయింది. అయితే కరువు ఎంత భయంకరమైనదో రాతల్లో నమ్మనివారిని నమ్మించినవి అటువంటి చిత్రాలే అన్న సంగతీ మరువరానిది. సాక్ష్యం, నిర్దయ ఒకే చిత్రంలో కలిసి ఉండగలవని హూపర్ ఉదంతం తెలుపుతుంది.

నేటి రూపచిత్రం కింద 'రైతు కూలీ', 'అన్నదాత', 'పల్లె పడుచు', 'శ్రమజీవి' వంటి వ్యాఖ్యలు రాసే అలవాటు ఈ పరంపరకు దూరమైనది కాదు. కొలతలు పోయాయి, కులనామం పోయింది. వాటి స్థానంలో గౌరవవాచకం వచ్చింది. వ్యక్తికి బదులు నమూనా నిలవడం మాత్రం పోలేదు. తెలుగు కవిత్వంలో దువ్వూరి రామిరెడ్డి 'కృషీవలుడు' మొదలుకొని సేద్యగాడి స్తుతికి గొప్ప సంప్రదాయం ఉంది. కావ్యంలో ఆ స్తుతి ఒక ఆదర్శానికి చెందుతుంది. ఛాయాచిత్రంలో అదే స్తుతి ఒక నిర్దిష్ట వ్యక్తి ముఖం మీద ముద్రపడి, ఆమె తన మాట తాను చెప్పుకొనే అవకాశాన్ని కప్పివేస్తుంది.

పేరు అడగని చిత్రం

ప్రపంచంలో వ్యవసాయ కూలీల రూపచిత్రాలన్నింటిలోనూ ప్రసిద్ధమైనది డొరోథియా లాంగ్ 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీలు కోసే కూలీల మకాంలో తీసిన 'వలస తల్లి' చిత్రం. గడ్డం కింద చేయి ఆనించుకొని దూరంగా చూస్తున్న తల్లి, ఆమె భుజాలమీద ముఖాలు దాచుకొన్న పిల్లలు అందులో కనిపిస్తారు. ఆర్థికమాంద్యపు దుఃఖానికి అది ప్రతీకగా స్థిరపడింది. లాంగ్ ఆమె పేరు అడగలేదు. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అన్న ఆమె పేరు లోకానికి తెలిసింది 1978లో, అంటే నలభై రెండేళ్ల తరువాత. ఆ చిత్రం వల్ల తనకు ఏమీ ఒరగలేదని, అది తీయకపోయి ఉంటే బాగుండేదని అన్న భావాన్ని ఆమె అప్పుడు వెల్లడించింది.

ఈ ఉదంతంలో లాంగ్ దుర్మార్గం ఏమీ లేదు. ఆమె ప్రభుత్వ సహాయ సంస్థ తరఫున, కూలీలకు మేలు జరగాలన్న తలంపుతోనే పని చేసింది. చిత్రం వెలువడ్డాక ఆ మకాంకు ఆహారం అందింది. అప్పటికి థాంప్సన్ కుటుంబం అక్కడినుంచి వెళ్లిపోయింది. చిత్రం మేలు చేసింది, చిత్రంలోని మనిషికి మాత్రం చేయలేదు. సదుద్దేశం ఉన్నంతమాత్రాన బాధ్యత తీరదని దీనివల్ల తేలుతుంది.

చట్టం ఈ అసమానతను సరిచేయదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఛాయాచిత్రానికి కర్త దానిని తీసినవారే. ముఖం ఎవరిదన్న దానికి ఆ కర్తృత్వంలో స్థానం లేదు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో ప్రకటించింది. కాని చేనులో పని చేసే కూలిమనిషి ఆ హక్కును పట్టుకొని ఒక ఛాయాచిత్ర ప్రదర్శనను ప్రశ్నించడం ఆచరణలో ఊహించడానికి కష్టం. చట్టం ఎక్కడ చేరలేదో అక్కడ నీతి మరింత గట్టిగా ఉండాలి.

చిత్రం లేకపోవడమూ అన్యాయమే

ఇంతవరకు చెప్పిన ఆక్షేపణలన్నీ అంగీకరిస్తే, కూలీల చిత్రాలు తీయకపోవడమే మేలన్న నిర్ణయానికి రావలసి ఉంటుందా? అటువంటి నిర్ణయం తేలికైనదే కాని న్యాయమైనది కాదు. 1943 బెంగాల్ కరువులో సునీల్ జానా తీసిన చిత్రాలు కమ్యూనిస్టు పార్టీ పత్రిక ద్వారా దేశానికి అందకపోయి ఉంటే ఆ మరణాల గురించి తెలిసిన దానికంటె తక్కువే తెలిసి ఉండేది. కనిపించకుండా పోవడం కూడా ఒక రకమైన అణచివేత.

ఈ విషయాన్ని తెలుగు నేలమీదనే చూపిన ఉదాహరణ పాలగుమ్మి సాయినాథ్ ఛాయాచిత్ర ప్రదర్శన 'విజిబుల్ వర్క్, ఇన్‌విజిబుల్ విమెన్'. 1993-2002 మధ్య పది రాష్ట్రాల్లో తీసిన ఆ చిత్రాల విషయం గ్రామీణ స్త్రీల పని. విజయనగరం ప్రాంతంలో తీసిన ఒక చిత్రం ఈ చర్చకు చాలా ఉపకరిస్తుంది. అందులో భూయజమాని కెమెరా కోసం నిటారుగా నిలబడ్డాడు. ఆయన పొలంలో నాట్లు వేస్తున్న తొమ్మిది మంది స్త్రీలు నడుములు వంచి పనిలో ఉన్నారు. తాను రోజుకు నలభై రూపాయల కూలి ఇస్తున్నానని ఆయన చెప్పాడు. ఇరవై అయిదే ఇచ్చాడని ఆ స్త్రీలు తరువాత చెప్పారు. వారు ఒడిశాలోని రాయగడ నుంచి వచ్చిన భూమిలేని కూలీలు.

ఈ చిత్రాన్ని భావస్ఫోరకమైన రూపచిత్రాలతో పోల్చి చూడాలి. ఇందులో స్త్రీల ముఖాల్లోని భావం ప్రధానం కాదు, వంగిన నడుములే ప్రధానం. అయినా ఏ దగ్గరి ముఖచిత్రమూ చెప్పలేని సత్యం ఇందులో ఉంది. ఎవరు నిలబడగలరు, ఎవరు వంగాలి, ఎవరి మాట మొదట వినబడుతుంది, ఎవరి మాట తరువాత వినాలి అన్న సంబంధాలన్నీ ఒకే చట్రంలో ఇమిడాయి. కూలి ఎంత అన్న లెక్క చిత్రంతో పాటు ప్రయాణం చేసింది. విభావం తొలగిపోలేదు. అందువల్ల అనుభావం అపార్థానికి గురికాలేదు.

సాయినాథ్ 2014లో స్థాపించిన 'పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా' చేపట్టిన పనుల్లో 'ఫేసెస్' ఒకటి. దేశంలోని ప్రతి జిల్లానుంచీ మనుషుల ముఖాలను సేకరించడం దాని లక్ష్యం. థర్స్‌టన్ సంపుటాల్లోనూ ముఖాలు ఉన్నాయి, ఇందులోనూ ముఖాలే ఉన్నాయి. తేడా ఏమిటంటే ఇందులో ముఖంతో పాటు పేరు, ఊరు, చేసే పని ఉంటాయి. ఈ మూడింటితో నమూనా వ్యక్తిగా మారుతుంది.

తీయడం, దిగడం

ఛాయాచిత్రానికి సంబంధించి తెలుగులో రెండు క్రియలు వాడుకలో ఉన్నాయి. కెమెరా పట్టినవారు ఫొటో 'తీస్తారు'. ఎదుట నిలబడినవారు ఫొటో 'దిగుతారు'. మొదటి క్రియకు ఉన్నచోటునుంచి వేరు చేయడం, తీసుకోవడం అన్న ఛాయలు ఉన్నాయి. రెండవ క్రియలో కర్త చిత్రంలోని మనిషే. సిద్ధపడటం, నిలవడం, తనను తాను అప్పగించడం ఆ క్రియలో ధ్వనిస్తాయి. ఒక మనిషి ఫొటో దిగింది అంటే ఆమె ఆ పని చేసింది. ఆమె ఫొటో తీశారు అంటే ఆమెకు ఆ పని జరిగింది.

పల్లెల్లో ఫొటో దిగే పద్ధతికి ఒక మర్యాద ఉంది. తల దువ్వుకొని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొని, నిటారుగా నిలబడి, నేరుగా కెమెరాను చూస్తారు. చాలాసార్లు నవ్వరు. పటం కట్టించి గోడకు పెట్టే చిత్రం కాబట్టి, ఒకనాటికి దండ పడేది కూడా దానికే కాబట్టి, ముఖం గంభీరంగా ఉంచుతారు. నాగరికమైన ఛాయాచిత్ర రుచికి ఇది బిగుసుకుపోయినట్లుగా, భావరహితంగా కనిపిస్తుంది. అందుకే అటువంటి భంగిమను భంగపరచి, మనిషి ఏమరుపాటుగా ఉన్న క్షణాన్ని పట్టుకోవడం కౌశలంగా చెలామణి అవుతోంది. కాని ఆ నిటారు భంగిమలో భావం లేదనడం సరికాదు. 'నన్ను ఇలా గుర్తుంచుకోండి' అన్న సంకల్పమే అందులోని భావం. పనిలో వంగిన మనిషి ఒక్క క్షణం నిటారుగా నిలబడటం, విజయనగరం చిత్రంలోని భూయజమానికి ఉన్న హక్కును తానూ తీసుకోవడం. ఏమరుపాటు క్షణాన్నే సత్యమని, ఎంచుకొన్న భంగిమను అసత్యమని భావించడానికి తాత్త్విక ఆధారం లేదు. మనిషి తానుగా నిలుచున్న తీరు ఆమె స్వభావంలో భాగమే.

ఇదే సమయంలో కూలీల ముఖాలను కెమెరా మరొక విధంగానూ పట్టుకొంది. 2023 జనవరి నుంచి గ్రామీణ ఉపాధి హామీ పనుల్లో రోజుకు రెండుసార్లు పనిచోటే ఫొటో తీసి మొబైల్ యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి అయింది. ఫొటో ఎక్కకపోతే హాజరు పడదు, హాజరు లేకపోతే కూలి చిక్కులో పడుతుంది. ఇక్కడ ముఖం భావానికి కాదు, రుజువుకు పనికివస్తుంది. ఒకచోట అందం కోసం, ఒకచోట అనుమానం కోసం ముఖాన్ని తీస్తున్నారు. రెండుచోట్లా దిగే అవకాశం కూలికి లేదు.

సమ్మతి, మొగమాటం

సమ్మతి తీసుకొంటే సమస్య తీరుతుందన్న వాదం వినబడుతుంది. సమ్మతి అవసరమే. కాని అది ఏ పరిస్థితిలో వచ్చిందో చూడాలి. ఛాయాచిత్రకారుడు సాధారణంగా పొలం యజమాని వెంట వస్తాడు, లేదా అధికారి, ఉపాధ్యాయుడు, పరిశోధకుడు వెంట వస్తాడు. 'ఏమ్మా, ఒక ఫొటో తీసుకోనా?' అన్న ప్రశ్నకు అంతమంది ముందు వద్దు అనడం ఆమెకు కష్టం. ఈ కష్టానికి తెలుగులో మొగమాటం అని పేరు. మొగం అన్న శబ్దం అందులోనే వినిపిస్తుంది. ఎదుటి మనిషి ముఖం చూసి తన ఇష్టాన్ని మింగుకోవడమే మొగమాటం. ముఖాన్ని అడిగేచోట మొగమాటం వల్ల వచ్చిన అంగీకారాన్ని సమ్మతిగా లెక్కించడం విచిత్రమైన అన్యాయం.

పూతలపట్టు శాసనసభ స్థానం 2008 నియోజకవర్గాల పునర్విభజనలో షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయి ఏర్పడింది. రాజకీయంలో 'ప్రాతినిధ్యం' అన్న మాటకు ఒక నియమం ఉంది. ఓటు వేసి ఎన్నుకోవాలి, గడువు తీరాక మళ్లీ అడగాలి, నచ్చకపోతే మార్చుకోవచ్చు. చిత్రం ద్వారా జరిగే ప్రాతినిధ్యానికి ఈ నియమాలేవీ లేవు. ఒక స్త్రీ ముఖం ఒక సమూహానికి ప్రతినిధిగా నిలవాలని ఆమెనూ ఎవరూ అడగరు, ఆ సమూహాన్నీ ఎవరూ అడగరు. రెండింటికీ ఒకే మాట వాడుతున్నందువల్ల రెండింటినీ ఒకే తూనికతో తూచడం అసంగతం కాదు. అడగటం, మళ్లీ అడగటం, నిరాకరించే వీలు ఇవ్వటం చిత్రానికి కూడా వర్తించాలి.

పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. పేరు వేయడం ప్రతిసారీ మేలు కాదు. కూలి తక్కువ ఇచ్చారని చెప్పిన స్త్రీ పేరు, ముఖం కలిపి అచ్చయితే మరునాడు ఆమెను పనికి పిలవకపోవచ్చు. అమెరికాలోని అలబామా కౌలు రైతు కుటుంబాలమీద జేమ్స్ ఏజీ, వాకర్ ఇవాన్స్ 1941లో ప్రచురించిన పుస్తకంలో ఆ కుటుంబాలకు మారుపేర్లు పెట్టారు. కాబట్టి నియమం 'పేరు తప్పక వేయాలి' అన్నది కాదు. పేరు తప్పక అడగాలి. వేయాలా వద్దా అన్నది ఆమె నిర్ణయించాలి.

సాహిత్యం నేర్పేది

పేరు ఒక్కటే వ్యక్తిత్వాన్ని ఇవ్వదని చూపే గొప్ప ఉదాహరణ ఈ ప్రాంతపు సాహిత్యంలోనే ఉంది. చిత్తూరు జిల్లా తలుపులపల్లెలో 1946లో పుట్టిన డాక్టర్ కేశవరెడ్డి నవల 'అతడు అడవిని జయించాడు'లో కథానాయకుడైన ముసలివాడికి పేరు లేదు. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అతడు అడవిలోకి వెళతాడు. పేరు లేకపోయినా అతడు నమూనా కాడు. అతడి తెలివి, భయం, మొండితనం, జంతువుల గురించిన ఎరుక, తనలో తాను చేసుకొనే తర్కం పాఠకుడికి లోపలినుంచి తెలుస్తాయి. కేశవరెడ్డి వృత్తిరీత్యా కుష్ఠువ్యాధి వైద్యుడు. ముఖం చూసి మనిషిని వెలివేసే జబ్బుకు ఆయన చికిత్స చేశారు. ముఖం దాటి చూడవలసిన అవసరం ఆయనకు రచనలోనే కాక వైద్యంలోనూ ఎదురైనది.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు మార్గం మరొకటి. మిట్టూరు మనుషులను ఆయన చిత్తూరు జిల్లా మాటలోనే మాట్లాడించారు. అక్కడ తల్లి, తండ్రి, చుట్టాలు తమ నవ్వులతో, తిట్లతో, లెక్కలతో సహా వస్తారు. వారు బీదవారే, కాని పాఠకుడి జాలికోసం ఎదురుచూసేవారు కారు. ఒక విధంగా నామిని కథల్లో మనుషులు 'దిగారు'. వారిని ఎవరో 'తీసినట్లు' ఉండదు.

ఛాయాచిత్రానికి లోపలి తర్కాన్ని చూపే శక్తి లేదు. ఆ పరిమితిని ఒప్పుకోవడమే దాని నిజాయితీకి మొదటి మెట్టు. ఫ్రెంచి తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ లెవినాస్ 1961 నాటి 'టొటాలిటీ అండ్ ఇన్ఫినిటీ'లో ముఖం గురించి చెప్పినదాని సారాంశం కూడా ఇటువంటిదే. ఎదుటి మనిషి ముఖం నా చూపుకు ఒక వస్తువుగా లొంగదు, అది నన్ను బాధ్యుణ్ణి చేస్తుంది. ముఖాన్ని పూర్తిగా చదివేశామన్న తృప్తి కలిగించే చిత్రం ఆ బాధ్యతను మూసివేస్తుంది. ఇంకా అడగవలసినది ఉందన్న ఎరుక కలిగించే చిత్రం దానిని తెరిచి ఉంచుతుంది.

ఉపసంహారం

వ్యవసాయ కూలీల ముఖచిత్రాలు తీయడం దానంతట అది తప్పు కాదు, తీయకపోవడం దానంతట అది ఒప్పు కాదు. పై విచారణనుంచి తేలే నియమాలు నాలుగు. మొదటిది, విభావాన్ని చిత్రంలో గాని, దానితో పాటు వచ్చే మాటలో గాని నిలపాలి. ఏ పని, ఏ కాలం, ఎంత కూలి అన్నది తెలియకుండా ముఖంలోని చెమటకు అర్థం చెప్పరాదు. రెండవది, యజమాని ఎదుట కాక విడిగా, మొగమాటానికి తావులేని చోట సమ్మతి అడగాలి. పేరు వేసే నిర్ణయం ఆమెకే వదలాలి. మూడవది, తీసిన చిత్రంతో పాటు దిగిన చిత్రానికి చోటు ఉండాలి. ఆమె నిలబడదలచిన తీరులో ఒక చిత్రం తీసి, దాని ప్రతిని ఆమె ఇంటికి చేర్చాలి. నాల్గవది, ఆ ముఖాన్ని తరువాత మరొక పనికి, ముఖ్యంగా పుస్తకపు అట్టకో ప్రచారానికో వాడేటప్పుడు మళ్లీ అడగాలి.

ఈ నియమాలను పాటిస్తే కొన్ని మంచి చిత్రాలు చేజారవచ్చు. ఏమరుపాటు క్షణంలోని వెలుగు మళ్లీ దొరకదు. ఆ నష్టాన్ని ఛాయాచిత్రకారుడు భరించాలి. ఇంతకాలం నష్టమంతా చిత్రంలోని మనిషే భరిస్తూ వచ్చింది. గ్రామీణ సాహిత్యంమీద వెలువడే పరిశోధన గ్రంథాలు కూడా తమ అట్టమీది ముఖం ఎవరిదో లోపలి పుటలో చెప్పగలిగిననాడు, లేదా ఆమె పేరు వద్దన్నదన్న సంగతైనా చెప్పగలిగిననాడు, పుస్తకం లోపల శ్రామికుల గురించి రాసిన మాటలకు ఆ మేరకు నైతికబలం చేకూరుతుంది.